మామకు ఎదురొచ్చిన పిల్లులు

నిన్న వాన వెలిసింది గదా అని పెరట్లో కలుపు పీకించాను. చిత్తూరులో మేముండే ఇంటి వెనకాల కొంచెం చోటుంది. వాన పడితే చాలు, నేను వేసిన వంగ మొక్కలు తప్ప మిగిలినవన్నీ బతుకుతాయి. పీకిన కలుపు గోడవార పోయించి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పక్కింటివాళ్ల పిల్లి ఆ కుప్పలో తల దూర్చి ఉంది. ఎలుక దొరికిందేమో అనుకున్నాను. ఎలుక కాదు. ఒక కుప్పింటాకు మొక్క వేరును ముందుకాళ్లతో కావలించుకుని, చొంగ కార్చుకుంటూ వెల్లకిలా పడి దొర్లుతోంది. కాసేపు వేరును చెంపకు రుద్దుకుంది. కాసేపు వెనక కాళ్లతో తన్నింది. ఆ తర్వాత, ఏమీ లేని గోడకేసి ఎవరో పిలిచినట్టు చూసింది. మామూలుగా అయితే అది మా వాకిట్లో కాలు పెట్టడానికి కూడా ఆలోచించే పిల్లి.

నేను నవ్వు ఆపుకోలేక బట్టలుతికే రాయి మీద కూర్చుండిపోయాను. కోడలు తొంగి చూసి, "ఏమైంది అత్తా?" అంది. మామ గుర్తొచ్చాడన్నాను. పాపం, దాని మొహం ఇంతయింది. "మీ మామ కాదులే, తిరుపతి మామ" అని సర్దిచెప్పాను.

ఆ తిరుపతి మామ మాకు చుట్టం కాదు. తెల్లదొరల కాలంలో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో తిరుపతిలో మేము బాడుగకున్న ఇంటికి ఆయన సొంతదారు. మా ఆయనకు అక్కడ బడిలో ఉద్యోగం. నేను కాపురానికి వచ్చిన కొత్త. ముందు భాగంలో వాళ్లిద్దరూ, వెనక రెండు గదుల్లో మేమిద్దరం, పెరడు అందరిదీ. ఆయన్ను మామా అని, ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను అమ్మణ్ణీ అనేవాడు. బజారులో ఆయనకో పంచెల కొట్టుండేది. బట్టకు కంట్రోలు వచ్చి, రేషను లెక్కన అమ్మాల్సి వచ్చాక ఆ కొట్లో పంచెల కన్నా బల్లలే ఎక్కువగా కనిపించేవి కాబట్టి, ఆయన ఏ వేళకు వెళ్లినా నష్టపోయే వాళ్లెవరూ లేరు. అదీ ఒకందుకు మంచిదే అయింది. ఎందుకంటే మామ గడప దాటడమంటే అంత తొందరగా తెమిలే పని కాదు.

మనిషి బక్కపల్చన, పొడుగు. మెడ ఇంకా పొడుగు. బయల్దేరే ముందు కండువా దులిపి భుజాన వేసుకునేవాడు. కుడికాలు గడప అవతల పెట్టి, ఎడమకాలు ఇవతలే ఉంచి, మెడ మాత్రం వీధిలోకి పంపేవాడు. అటు చూసేవాడు, ఇటు చూసేవాడు. ఒంటి బ్రాహ్మడు, కట్టెల మోపు, నూనె కుండ, బోడి తల, వీటిలో ఏది కనిపించినా మెడ వెనక్కి వచ్చేసేది. మెడ వెంట మనిషీ వచ్చేవాడు. కాళ్లు కడుక్కుని, చెంబెడు నీళ్లు తాగి, తిన్నె మీద కాసేపు కూర్చుని మళ్లీ మొదటి నుంచి మొదలు. ఆ సమయంలో ఎవరన్నా "యాడికి మామా?" అన్నారంటే ఇక అంతే. "పోయేటోణ్ణి యాడికని అడగొద్దండ్రా, పోయే పని సెడతాది" అని ఆ కూర్చునేదేదో ఇంకాసేపు కూర్చునేవాడు. పోయేది కొట్టుకే అని వీధి వీధికంతా తెలుసు.

నాకు తిరుపతిలో దొరికిన మొదటి ఉద్యోగం ఆయన ఇచ్చిందే. ఎదురు రావడం. పసుపు కుంకుమలతో ఉన్న ముత్తైదువ నిండు బిందెతో ఎదురైతే అంతకు మించిన శకునం లేదట. ఎదురయ్యే ముత్తైదువ కోసం దేవుడి మీద భారం వేసి కూర్చోకుండా, "అమ్మణ్ణీ, బిందె ఎత్తుకోని ఆ సందు మలుపులో నిలబడుకో తల్లీ. నేను దగ్గితే నడిసి రా" అనేవాడు. ఆయన దగ్గేవాడు, నేను బిందె ఎత్తుకుని నడిచి వచ్చేదాన్ని. నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు మొహమంతా వెలుగు చేసుకుని, "ఆహా, ఎంత మంచి శకునం" అనుకుంటూ వెళ్లేవాడు. ఇంటికి నీళ్లెలాగూ కావాలి గదా అని నేనూ ఒప్పుకున్నాను. మా ఆయన మాత్రం, "బడిలో నా జీతం కన్నా నీ ఉద్యోగమే గట్టిది" అని ఎగతాళి చేసేవాడు.

ఇంత పట్టింపు మనిషి ఒక్క విషయంలో మాత్రం ఉదారంగా ఉండేవాడు. అత్తకు పొద్దున లేస్తే తుమ్ములు. ఆయన గడపలో ఉండగానే వంటింట్లోంచి దబదబా తుమ్మేది. మామ చలించేవాడు కాడు. "ఇంటిదాని తుమ్ము శకునం కిందికి రాదు" అనేవాడు. అది ఏ శాస్త్రంలో ఉందని మా ఆయన అడిగితే, "శాస్త్రం రాసినోనికి పెండ్లాం ఉండదా?" అన్నాడు.

పిల్లి సంగతి వేరు. పిల్లి ఎదురైతే రాజీ లేదు. ఆ పట్టుదలే ఆయన కాపురం మీదికి తెచ్చింది.

వాళ్లకు పిల్లలు లేరు. అత్త తన తమ్ముడి కూతుర్ని చిన్నప్పుడు కొన్నేళ్లు తన దగ్గరే ఉంచుకుని పెంచింది. ఆ పిల్ల పెళ్లి సత్యవేడులో, అత్త పుట్టింట్లో. ఇద్దరూ బండి కట్టించుకుని తెల్లవారుజామునే బయల్దేరారు. వడమాలపేట దాటుతుండగా ఒక పిల్లి రోడ్డుకు అడ్డంగా పోయింది. మామ బండి ఆపించాడు. కాళ్లు కడుక్కున్నాడు, నీళ్లు తాగాడు, కూర్చున్నాడు. లేచి బయల్దేరబోతే అదే పిల్లి, వెళ్లిన పని అయిపోయినట్టుంది, తిరిగి వచ్చింది. శుభకార్యానికి రెండుసార్లు అడ్డమొస్తే ఆ పూట కదలగూడదని మామ సత్రంలో పడక వేశాడు. అత్త బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. వాళ్లు సత్యవేడు చేరేసరికి పెళ్లి అయిపోయి, పందిట్లో విస్తళ్లు ఎత్తుతున్నారట. అత్త లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. మామ ఒక్కడే తిరుపతికి వచ్చాడు.

కొన్నాళ్లకు వేరుశెనక్కాయల బండివాడి చేత కబురు వచ్చింది. వాడు తిన్నె ముందు నిలబడి, అప్పజెప్పిన మాటలు మరిచిపోకుండా కండ్లు మూసుకుని మరీ చెప్పాడు. "గంగజాతర సాటింపు లోపల ఆయనే వచ్చి పిలిస్తే వస్తుందంట. ఇంకెవురినీ పంపొద్దన్నాది. రాకపోతే వాళ్ల తమ్ముడు పెరట్లో ఒక కొట్టం ఏసిస్తానన్నాడంట. ఈడ్నే ఉండిపోతా అని సెప్పమన్నాది."

చాటింపు అంటే మాకు మామూలు దండోరా కాదు. అది పడిందంటే జాతర ముగిసేవరకు తిరుపతివాళ్లు ఊరి పొలిమేర దాటరు. బయటున్న సొంత ఊరివాళ్లు ఆ లోపలే వచ్చి చేరుకోవాలి. అత్త ఊరికే గడువు పెట్టలేదు. చాటింపు నాటికి ఇంట్లో లేని మనిషి, ఆ ఇంటి మనిషి కానట్టే లెక్క.

మామ వెంటనే బయల్దేరాలనే అనుకున్నాడు. అయితే సోమవారం, శనివారం తూర్పుకు శూల, అటు పయనం కూడదు. గురువారం దక్షిణానికి శూల. సత్యవేడు అటూ ఇటూ కాకుండా మూలకు ఉంది కాబట్టి రెండు శూలలూ దానికే తగిలించాడు. మంగళవారం మంచిది కాదు. శుక్రవారం ఆడదాన్ని పుట్టింటి నుంచి పంపరు. మిగిలింది బుధవారం, ఆదివారం. ఆ రెండు రోజులూ పిల్లులకు వదిలేశాడు.

పిల్లులకు అని ఎందుకంటున్నానంటే, అత్త పోయిన నాటి నుంచి మా వీధి పిల్లులకు ఏదో అయింది. మామ గడపలో కాలు పెడితే చాలు, ఎదురింటి కప్పు మీది నుంచి ఒక ఎర్ర గండుపిల్లి దూకేది. సందులోంచి బూడిద రంగుది వచ్చేది. నూనె గానుగ వాళ్ల నల్లపిల్లి, పాపం చూలుది, అదీ పొట్ట ఈడ్చుకుంటూ వచ్చేది. ఒట్టి అడ్డం పోవడం కాదు. ఆయన పంచె అంచుకు మొహాలు రుద్దేవి. కాళ్ల సందున దూరి మళ్లీ బయటికి వచ్చేవి. ఒకసారి ఎర్రది ఆయన పిక్కను కావలించుకుని దిగనే లేదు. మామ బెదిరిపోయి లోపలికి పరిగెత్తి కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, కూర్చుని, మళ్లీ బయటికి వస్తే ముందు వచ్చినవాటికి తోడు కొత్తవి కూడా వచ్చి కాచుకుని ఉండేవి. కొట్టుకు పోవడానికైతే మూడోసారి శకునం చెల్లదని సర్దుకుని, పిల్లులను వెంటబెట్టుకునే పోయేవాడు. సత్యవేడు ప్రయాణానికి ఆ సడలింపు లేదు. పెట్టె మళ్లీ లోపలికి పోయేది.

"ఇంటి లచ్చిమి పోయినాది, పిల్లులు సొచ్చినాయి. కాలం సెడింది అమ్మణ్ణీ" అనేవాడు. నేనిచ్చిన చారు పోసుకుని, తాను మాడ్చిన అన్నం కలుపుకుంటూ, "ఇంట్లో తుమ్మే దిక్కు గూడా ల్యా" అనేవాడు. ఆ మాటకు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎంత వెర్రిమనిషైనా ఆయనంటే నాకు ఇష్టం.

చాటింపు ఆ మంగళవారం రాత్రికి అనగా, దాని ముందరి ఆదివారం పొద్దున నేను పెరట్లోకి వెళ్లేసరికి ఎర్రపిల్లి రోట్లో పడుకుని ఉంది. పడుకోవడం కాదు. పొత్రాన్ని కావలించుకుని, కండ్లు సగం మూసి, చొంగ కారుస్తూ రోలు గోడలు నాకుతోంది. నేను అదిలిస్తే నన్ను చూసి, ఎవరో తెలియనట్టు మళ్లీ పొత్రానికి చెంప ఆనించింది. రోలు పక్కన పచ్చటి పిప్పి ఉంది. బూడిదది దాని మీద పొర్లుతోంది.

మామకు రెండు పిక్కల మీదా తామర. ఎన్నో ఏళ్లుగా దానికి కుప్పింటాకు, పసుపు, ఉప్పు కలిపి నూరి పట్టించేవాడు. నూరడం అత్త పని, పూసుకోవడం ఆయన పని. మందు రోట్లో ఎట్లా తయారవుతుందో ఆయన ఎన్నడూ తిరిగి చూసిన పాపాన పోలేదు. అత్త పోయాక తానే నూరుకోవలసి వచ్చింది. పొద్దున్నే పూసుకుని, మందు ఒంట్లోకి దిగాలని కడుక్కోకుండా పంచె కట్టుకునేవాడు.

"మామా, దీంట్లో ఏమేమి ఏసి నూరతా ఉండావు?" అని కేకేశాను.

ఆయన వచ్చాడు. రోట్లో పిల్లిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "కుప్పింటాకు. మీయత్త నూరేదే."

"ఆకేనా?"

"ఆకూ, కొమ్మా, వేరూ. అంతా. ఆకులోనే అంత గుణముంటే వేర్లో ఎంతుండాల? పారేస్తే పాపం గదా" అన్నాడు.

గోడవార మొలిచిన మొక్కనొకదాన్ని పీకాను. ఆకులు తుంచి ఒక పక్క వేశాను, వేరు విరిచి ఇంకో పక్క వేశాను. బూడిదది ఆకు వైపు చూడనైనా చూడలేదు. వేరు మీద పడింది. ఎర్రది రోట్లోంచి లేచి వచ్చి దాంతో కలబడింది. గానుగ వాళ్ల నల్లది గోడ దూకి వచ్చింది. మూడూ కలిసి తాగినవాళ్ల మాదిరి ఒకదాని మీద ఒకటి పడి, కాసేపటికి మత్తు దిగి, ఏమీ జరగనట్టు మూడు దిక్కుల కూర్చుని కాళ్లు నాక్కున్నాయి. అంతలో మామ దగ్గరికి వచ్చాడు. మూడూ లేచి ఆయన పిక్కల వైపు నడిచాయి.

మా ఆయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. "మామా, నీ కాళ్లకుండేది మందు కాదు. వాటికి పెండ్లి విందు. నువ్వు లోపలికొచ్చి కాళ్ల మీద నీళ్లు పోసుకున్నప్పుడల్లా వాసన ఇంకా లేస్తా ఉండాది" అన్నాడు.

మామ వంగి తన పిక్కలు చూసుకున్నాడు. తిన్నె మీదికి వెళ్లి కూర్చున్నాడు. మేమిద్దరమూ వెనకే వెళ్లాం. ఉన్నట్టుండి ఆయన మొహంలోకి వెలుగు వచ్చింది.

"అట్లయితే అయ్యి శకునం కిందికి రావు. పిల్సకుండా వస్తే శకునం. నేనే పిల్సుకుంటే అది సుట్టరికం" అన్నాడు.

అక్కడితో నేను ఊరుకుని ఉండాల్సింది. నోరు ఊరుకోదు గదా. "అట్లయితే మామా, నన్ను బిందెతో నిలబెట్టి, దగ్గి మరీ పిల్సుకుంటివే. అది మాత్రం శకునమెట్లయింది?" అనేశాను.

మా ఆయన వేపపుల్ల నమలడం ఆపేశాడు. మామ నా వైపు చూశాడు. మెడ మెల్లగా కిందికి దిగింది. పిల్లులను లెక్కలోంచి కొట్టేస్తే బిందెను కూడా కొట్టేయాలి. బిందెను ఉంచుకుంటే పిల్లులనూ ఉంచుకోవాలి. ఆ లెక్క ఆయన తలలో అటూ ఇటూ తిరగడం మాకు కనిపిస్తూనే ఉంది.

చివరకు, "అయితే ఇన్నాళ్లూ నన్ను ఆపింది ఎవురబ్బా?" అన్నాడు మా ఆయనతో. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

మరునాడు సోమవారం. తూర్పుకు శూల. పొద్దున్నే మామ సున్నిపిండితో పిక్కలు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. తెల్ల పంచె కట్టాడు, పెట్టె పట్టుకున్నాడు. నేను అలవాటు కొద్దీ బిందె ఎత్తుకుని సందు వైపు వెళ్లబోయాను.

"వద్దు అమ్మణ్ణీ. లోపలుండు. ఈ పొద్దు నాకు ఎవురూ ఎదురు రావద్దు" అన్నాడు.

కండువా దులపలేదు. మెడ ముందు పంపలేదు. రెండు కాళ్లూ ఒకదాని వెంట ఒకటి గడప దాటాయి. ఎర్రపిల్లి ఎదురింటి కప్పు మీద ఎండ కాచుకుంటోంది. ఆయన వైపు ఒకసారి చూసి కండ్లు మూసుకుంది. నేను కిటికీలోంచి ఆయన పోయిన వైపే చూస్తూ నిలబడ్డాను. యుద్ధకాలంలో పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎక్కడ ఆగిపోతాయో వాటికే తెలియదు. మంగళవారం సాయంత్రం లోపల ఆ బస్సు తిరిగి రావాలని ఆ పూట నేను గంగమ్మకు మొక్కుకున్నాను.

మంగళవారం పొద్దు వాలింది. వీధుల్లో వేపమండలు కట్టేశారు. ఊరంతా ఊళ్లోకి వచ్చేస్తోంది. నేను గడపలో కూర్చుని, మామ కన్నా ఎక్కువగా మెడ చాచి వీధి చూశాను. దీపాలు పెట్టే వేళకు సందు మొగదాల మామ కనిపించాడు. నెత్తిన పెట్టె, మొహమంతా బొగ్గు మసి. పుత్తూరు దగ్గర అందరూ దిగి బస్సు తోశారట. వెనక చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అత్త. నాకు ఏడుపొచ్చింది. అత్త నన్ను దాటుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లి, మాడిన అన్నం గిన్నెలను చూసి, "ఇంతకాలమూ ఈ మనిషి బొగ్గులు తిన్నాడా?" అంది.

బుధవారం నుంచి జాతర. వీధిలో వేషాలు వేసినవాళ్లు, మొక్కుగా తిట్టే బూతులు, నవ్వులు. పెరట్లో అత్త రోలు ముందు కూర్చుని కుప్పింటాకు తుంచుతోంది. వేర్లన్నీ విడిగా తీసి గోడ అవతలికి విసిరేసింది. "మా సత్యవేడు పక్క ఆ వేరు దగ్గర పిల్లి దండం పెడతాదని సెప్పుకుంటారు. వేరేసి నూరినాడంటే, వీధిలో పిల్లులన్నీ ఈయప్ప కాళ్లకు మొక్కినాయేమో" అంది. గోడ అవతల అప్పుడే కలబడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నాకు తెలుసుకోవాలని ఉంది. "మామ వచ్చి ఏమని పిలిచినాడత్తా?" అని అడిగాను.

అత్త నూరడం ఆపలేదు. "యాడ పిలిచినాడు. మధ్యాన్నం బస్సు వచ్చిన సద్దు వినపడె. దిగినోళ్లంతా ఇండ్లకు పోయిరి. ఈయన రాలా. ఇంగ రాడులే అనుకొంటి. పొద్దు గూకేటప్పుడు వాకిట్లో నీళ్లు సల్లను బయటికొస్తే, వీధి మొగదాల పెట్టె మింద కూసోనుండాడు. 'ఇంతసేపు ఈడేం జేస్తా ఉండావు, పిల్లి ఎదురొచ్చెనా?' అంటి. 'ల్యా' అనె. 'ఏదీ ఎదురు రాలా. ఒక సాకు గూడా ల్యా. పిలిస్తే నువ్వు రానంటావేమోనని బయం, అదొకటే ఉండాది. దానికే కాళ్లు ఆగిపోయినాయి' అనె."

పొత్రం రెండుసార్లు తిరిగింది.

"ఇన్నేండ్ల కాపరంలో ఆయప్ప నోట్లో ఆ మాట ఎప్పుడూ వినలా" అంది అత్త. "ఇంగ పిలిసేదాకా ఎందుకులే అని, లోపలికి పోయి సీరలు సర్దుకుంటి."